వైరాగ్యమని భ్రమించిన వేదన

మా స్వస్థలం గుమ్మఘట్ట. వేదవతీ నదిపై నిర్మించిన భైరవానితిప్ప జలాశయం మా మండలంలోనే ఉన్నా, అనావృష్టి మాకు నిత్యపరిచితం. మితభోజనం ఇక్కడ వ్రతం కాదు, జీవనవిధానం. అందుచేత మా అమ్మ డెబ్బయ్యవ ఏట జొన్నరొట్టెను, వేరుశనగ విత్తనాలను విడిచి పలుచని రాగిగంజికే పరిమితమైనప్పుడు, జిహ్వాచాపల్యాన్ని జయించిందని భావించాను. సహస్రనామ పారాయణంలో ఆమె స్వరం క్షీణిస్తే, అంతర్ముఖత్వమని సంతోషించాను.

ఒకనాడు చెంప పట్టుకొని, "తినేకి కాదు నాయనా, పండ్లు నొస్తాండాయి" అన్నది. దంతవైద్యుడు పరీక్షించగా చిగుళ్ళలో చీము, కదులుతున్న మూడు దంతాలు బయటపడ్డాయి. నేను వైరాగ్యమని మనసులో నమస్కరించినది మూగవేదన మాత్రమే!

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో, ప్రాతఃకాలంలోను భోజనానంతరమూ, చిగుళ్ళకు బాధ కలుగని రీతిలో దంతధావనం విధించారు. ఆయన పేర్కొన్న వృక్షాలలో మా చేలగట్ల మీది కానుగ కూడా ఉన్నది. చిగుళ్ళవ్యాధి ముదిరితే మధుమేహ నియంత్రణ కష్టమవుతుందని ఆధునిక వైద్యమూ చెబుతున్నది. ఇక తవర్గ, లకార, సకారాలు దంత్యాలు. దంతాలు శిథిలమైతే నామోచ్చారణమూ తడబడుతుంది.

చికిత్సానంతరం అమ్మ రొట్టెను పప్పులో నానబెట్టుకొని తృప్తిగా భుజిస్తున్నది. అనంతుని నామం ఆమె నోట మళ్ళీ స్పష్టంగా వినిపిస్తున్నది.

సాధకులారా! ఇంటి పెద్దలు ఆహారం తగ్గించినప్పుడు దానిని నిగ్రహమని కీర్తించడానికి ముందు, "పండ్లు నొస్తున్నాయా అమ్మా?" అని ఒక్కసారి అడగండి. ఆ ప్రశ్న కూడా మాతృసేవయే.