తలుపు దగ్గర ఎవరుంటారు? (పల్లె నుంచి – 17)



పోయిన వైశాఖ పున్నమికి మా పల్లె అంబేడ్కర్ భవనంలో రాత్రంతా ధ్యానంలో కూర్చున్నాం. ఎలా చేశారు, ఎంత వచ్చింది అని చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు. లెక్కలు చెప్తాను. దానికంటే ముందు ఒక తలుపు గురించి చెప్పాలి.

భవనంలో ఆడపిల్లలు చదువుకునే గది ఒకటుంది. పైన పాత రేకులు. వానొస్తే పుస్తకాలు తడుస్తాయి, ఎండొస్తే పిల్లలు ఉడికిపోతారు. కొత్త రేకులు, కింద సీలింగు, రెండు ఫ్యాన్లు కావాలి. ఏ నాయకుడి దగ్గరా చెయ్యి చాపకుండా ఎలా అని ఆలోచిస్తే ఈ పద్ధతి తట్టింది. కూర్చునే ప్రతి మనిషికీ ఒక కార్డు. తెలిసినవాళ్ల దగ్గరికెళ్లి "నేను కూర్చున్న గంటకు ఎంతిస్తారు?" అని అడిగి రాయించుకోవాలి. పది రూపాయలైనా చాలు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి ఐదు దాకా ఎనిమిది గంటలు. ముప్పావుగంట కూర్చోవడం, పావుగంట మెల్లగా నడవడం.

అమ్మకు చెప్తే నవ్వింది. ఆమెది చర్చి. "మా ఆల్‌నైట్ ప్రేయర్‌లో అయితే పాటలుంటాయి, డోలకుంటది, నిద్ర రాదు. మీరు నోరు మూసుకుని ఎట్టా మేలుకుంటార్రా?" అంది. అంటూనే నా కార్డు మీద గంటకు ఇరవై రాయించింది.

యూనివర్సిటీలో చదివే తమ్ముడొకడు గట్టిగానే అడిగాడు. "అన్నా, బాబాసాహెబ్ పోరాడమన్నాడు గానీ కళ్లు మూసుకుని కూర్చోమన్నాడా?"

మంచి ప్రశ్న. బాబాసాహెబ్ పోయాక 1957లో అచ్చయిన 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' తెరిచి చూపించా. ముసలివాణ్ని, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడన్న కథను ఆయన ఒప్పుకోడు. ఇరవై తొమ్మిదేళ్లొచ్చేదాకా అవి కంటపడలేదా అని నిలదీస్తాడు. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ తగువొస్తే, యుద్ధం వద్దని సిద్ధార్థుడు తన సంఘానికే ఎదురు నిలిచాడని, అందుకే ఊరు విడవాల్సి వచ్చిందని రాశాడు. నీళ్ల తగువంటే ఏమిటో మన పల్లెలకు ఒకరు చెప్పాలా? ఆ తగువులో నిలబడ్డ మనిషి చేసిన ధ్యానమది. పారిపోయినవాడిది కాదు.

తొమ్మిదికి 34 మంది వచ్చారు. త్రిశరణం, పంచశీల చెప్పుకున్నాం. లైట్లు తగ్గించాం. పది నిమిషాలు కాలేదు, మా మామయ్య భార్య, అత్త, లేచి గోడవైపు జరిగింది. కాసేపటికి మళ్లీ జరిగింది. దగ్గరికెళ్లి "ఏంటత్తా, దోమలా?" అన్నా.

"దోమలు కాదురా. తలుపు నా వీపెనకుంది" అంది.

అత్త పుట్టిల్లు కారంచేడు. 1985 జూలై 17న మాదిగపల్లె మీద దాడి జరిగినప్పుడు ఆమెకు పదేళ్లు. పొలాలకు అడ్డంబడి పరుగెత్తి చీరాల చేరిన పిల్ల. అప్పట్నుంచి ఆమె ఎక్కడ కూర్చున్నా గుమ్మం కళ్లకు కనబడాలి. ఇన్నేళ్లలో మేమెవరం గమనించలేదు.

సిగ్గేసింది. టీ, మజ్జిగ, దోమల చక్రాలు, ఆడవాళ్ల కోసం పక్కింటి బాత్రూం తాళంచెవి, అన్నీ చూసుకున్నా. కళ్లు మూసుకోవాలంటే మనిషికి ముందు ఏం కావాలో మాత్రం చూసుకోలేదు. గేటూ వాచ్‌మనూ ఉన్నవాళ్లకు ఆ ప్రశ్నే రాదు. మనం మాత్రం ఆ ధైర్యాన్ని ఒకరికొకరం ఇచ్చుకోవాల్సిందే.

అక్కడికక్కడే పద్ధతి మార్చాం. గంటకిద్దరు గుమ్మం దగ్గర కళ్లు తెరిచి కూర్చోవాలి. ఒకరు మాలపల్లె నుంచి, ఒకరు మాదిగపల్లె నుంచి. 2024 ఆగస్టు 1న వర్గీకరణ తీర్పు వచ్చాక మా రెండు పల్లెల పిల్లలూ ఫోన్లలో ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. ఆ రాత్రి ఒకే గుమ్మం కాశారు. మొదటి గంట ప్రశ్న అడిగిన తమ్ముడిదే.

"కాపలా గంట కూడా ధ్యానం లెక్కలోకొస్తదా?" అన్నారెవరో. పాళీలో సతి అంటే ఎరుక. గుమ్మం కాసే మనిషికున్న ఎరుక ఇంకెవరికుంటుంది? కార్డు మీద రాసుకోమన్నాం.

రెండింటికి కరెంటు పోయింది. ఎవరూ కదల్లేదు. కిటికీలోంచి వెన్నెల పడుతోంది. అత్త వైపు చూశా. కళ్లు మూసుకుని ఉంది. ధ్యానమో నిద్రో నేనడగలేదు.

తెల్లారేసరికి 21 మంది మిగిలారు. గోడవార గురకపెట్టిన ఇంటర్ పిల్లాడు తన కార్డు మీద తనే "5 గంటలు" అని రాసిచ్చాడు. ఎవరూ చూడలేదు కదరా అంటే, "అబద్ధమాడనని మీరే చెప్పించారుగా అన్నా" అన్నాడు.

ఇక లెక్క. జనం మాటిచ్చింది 58,300 రూపాయలు. ఇప్పటిదాకా చేతికొచ్చింది 44,650. ఖర్చు 2,150. మిగిలింది 42,500. రసీదులతో సహా భవనం గోడకు అంటించాం. రేకులు మారాయి, సీలింగు పడింది. ఫ్యాన్లు ఇంకా రావాలి. పనుల మీద తిరుగుతూ నేను కూర్చున్నది మూడు గంటలే. అమ్మ సరిగ్గా అరవై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చింది.

మీ హాస్టల్లో, మీ పేటలో చెయ్యాలనుకుంటే చెయ్యండి. చాపలెన్ని కావాలో తర్వాత చూసుకోవచ్చు. ముందు తలుపు దగ్గర ఎవరుంటారో తేల్చుకోండి.

జై భీమ్. నమో బుద్ధాయ.