ఆయిల్ లైటు వెలిగాక

మాది అర్ధవీడు మండలంలో నల్లమల అంచున ఉన్న పల్లె. మా వైపు కారున్న ఇల్లంటే ఆ ఇంటికొక్కదానికే కాదు, వీధి మొత్తానికీ బండి ఉన్నట్టు. పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా, ముసలివాళ్లకు ఆయాసం వచ్చినా రాత్రిపూట తట్టేది ఆ తలుపే. అందుకే నేను బండి బాగోగులూ ఇన్సూరెన్సూ ఏనాడూ అశ్రద్ధ చేయలేదు. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి అన్నది థర్డ్ పార్టీ ఒక్కటే. మన బండి వల్ల ఎదుటివాళ్లకు నష్టం జరిగితే అది చూసుకుంటుంది, మన బండికి ఏమైనా దానికి సంబంధం లేదు. చాలామంది అంతటితో సరిపెట్టుకుంటారు. నేను ఏటా ఫుల్ ఇన్సూరెన్సే కట్టాను. దాని మీద జీరో డిప్ కూడా తీసుకున్నాను. బంపర్ టు బంపర్ అంటారే, అదే.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాది వాన కోసం మొహం వాచిన ప్రాంతం. గుండ్లకమ్మ పుట్టేది మా కొండల్లోనే అయినా వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం తరాలుగా ఎదురుచూస్తున్నాం. ఆ తుపానుకు మాత్రం మా రోడ్ల మీద కూడా నీళ్లు పారాయి. అంతకుముందే తారు లేచిపోయి గతుకులుగా ఉన్నచోట్ల గుంతలు పడ్డాయి. తారు కింద కంకరలోకి నీరు దిగితే, దాని మీదుగా పలకరాయి టిప్పర్లు వెళ్తుంటే, అరచేయంత గుంత కొన్ని రోజుల్లోనే తొట్టంత అవుతుంది. అది కళ్లారా చూశాను.

ఆ నెలలోనే ఒక రాత్రి మా నాయనకు ఆయాసం మొదలైంది. గుండె జబ్బు పాతదే. కానీ ఆ రాత్రి పడుకోలేక, కూర్చోలేక, నోరు తెరిచి గాలి కోసం తన్నుకుంటున్నాడు. ఇంటి ముందు కారుంది, ఇంకెవరి కోసమూ ఎదురుచూడలేదు. వెనక సీట్లో అమ్మ ఆయన్ని రొమ్ముకు ఆనించుకుని కూర్చుంది. మా బామ్మర్ది ముందు కూర్చున్నాడు. కంభంలో ఒక డాక్టరు చూసి ఈసీజీ తీసి, ఇంజెక్షన్ చేసి, "ఇక్కడ పెట్టుకోవద్దు, వెంటనే మార్కాపురం తీసుకుపోండి" అన్నారు.

కంభం దాటి తర్లుపాడు వైపు పోతుంటే ఎదురుగా లారీ వచ్చింది. లైట్లు కళ్లలో పడ్డాయి. వేగం తగ్గించి ఎడమకు తీశాను. అక్కడ గుంత ఉంది. నిండా నీళ్లుండడంతో రోడ్డుతో సమానంగా నున్నగా కనిపించింది. ముందు చక్రం దబ్బున దిగింది. చక్రం పైకి ఎక్కుతూండగా బండి అడుగున రాయి కొట్టిన చప్పుడు వినిపించింది. కాళ్ల కింద ఇనుము చిరిగినట్టు చప్పుడు. కొంచెం దూరం పోయాక డాష్‌బోర్డులో ఎర్రగా ఆయిల్ లైటు వెలిగింది.

దాని అర్థం నాకు తెలుసు. ఆయిల్ ఛాంబర్ పగిలింది, ఆయిల్ కారిపోతోంది, ఇంజన్ ఆపాలి. బామ్మర్ది కూడా "బావా, ఆపు" అన్నాడు. అద్దంలోంచి వెనక్కి చూశాను. నాయన తల వాలిపోయి ఉంది. "ఆపొద్దు నాయనా, మీ నాయన కళ్లు తేలేస్తున్నాడు" అంది అమ్మ. నేను ఆపలేదు.

ఇంజన్‌లోంచి టకటకమని శబ్దం మొదలై అంతకంతకూ పెరిగింది. కాలిన వాసన వచ్చింది. తర్లుపాడు రాకముందే బండి ఒక్కసారి కుదిపి ఆగిపోయింది. రోడ్డు మీద నిలబడి చేతులు ఊపితే ఖాళీ టమాటా ట్రేలు వేసుకుని వస్తున్న బొలెరో ఆగింది. ఆ డ్రైవరు ఒక్క మాట అడగలేదు. ట్రేలన్నీ ఒక పక్కకు నెట్టి, తన దుప్పటి పరిచి, నాయనను ఎక్కించుకున్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర దింపి, డబ్బులిస్తే తీసుకోలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆక్సిజన్ పెట్టారు. మా నాయన బతికాడు.

ఇక కారు సంగతి.

మరునాడు పొద్దున ఆసుపత్రి వరండాలోంచే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిం నంబరు తీసుకున్నాను. రాత్రంతా బండి దగ్గరే ఉన్న బామ్మర్ది మార్కాపురం నుంచి మెకానిక్‌ను పిలిపించాడు. నేను అక్కడికి వెళ్లాక, జాకీ మీద లేపి అతను నాకు చూపించింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఇంజన్ అడుగున ఉండే అల్యూమినియం ఛాంబర్‌కు ముందు అంచున జానెడు చీలిక. చీలిక అంచులు లోపలికి మడుచుకుపోయాయి. దాని పక్కనే రాయి గీసుకుపోయిన తెల్లటి గీత. గీతలో పలకరాయి పొడి బూడిదరంగులో ఇరుక్కుని ఉంది. మెకానిక్ చీలికలో వేలు పెట్టి బయటికి తీశాడు. వేలికి ఆయిల్ లేదు, ఒండ్రు ఉంది. "అన్నా, ఇందులో చుక్క లేదు. ఇంజన్ సీజ్ అయింది" అన్నాడు.

బండిని క్రేన్ మీద ఒంగోలు షోరూంకు చేర్చాను. అక్కడ ఎస్టిమేట్ వేసే అబ్బాయి మంచి మనసుతోనే ఒక సలహా చెప్పాడు. "సార్, దెబ్బ తగలగానే బండి ఆగిపోయిందని రాయండి. లైటు వెలిగాక నడిపానని మాత్రం రాయొద్దు." నేను జరిగింది జరిగినట్టే రాశాను. దాచడానికి అందులో ఏముంది? రాయకపోయినా ఇంజన్ చెబుతుంది. సర్వేయర్ వచ్చి ఇంజన్ విప్పించి బేరింగులు చేతిలో పెట్టుకుని చూశాడు. ఆయిల్ లేక రాసుకుని రాసుకుని, వేడికి అంచులు నీలం తిరిగి ఉన్నాయి. మర్యాదస్తుడు. "లైటు వెలిగాక ఎంత దూరం వచ్చారు?" అని అడిగాడు. చెప్పాను. "నాయన గారు బాగున్నారా?" అనీ అడిగాడు. రెండో ప్రశ్నకు నేనిచ్చిన జవాబు రిపోర్టులో లేదు.

కంపెనీ ఉత్తరం వచ్చింది. ఛాంబర్‌కు ఇస్తాం, వంగిన లోయర్ ఆర్మ్‌కు ఇస్తాం, రిమ్ముకు ఇస్తాం, చిరిగిన టైరుకు సగం ఇస్తాం. ఇంజన్‌కు ఇవ్వం. కారణం: కాన్సీక్వెన్షియల్ లాస్. అంటే దెబ్బ వల్ల నేరుగా కాక, దాని తర్వాత జరిగినదాని వల్ల వచ్చిన నష్టం. ఇంజన్ పని లక్ష దాటింది. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి కట్టాను.

ఆ ఉత్తరం వచ్చాకే పాలసీ కాగితాలు మొత్తం కూర్చుని చదివాను. మా వైపు కారున్న ప్రతివాళ్లకూ ఇది తెలియాలి. గుంతలో పడి బండి దెబ్బతింటే ఫుల్ ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. బయటి నుంచి అనుకోకుండా తగిలిన దెబ్బ కిందికి అది వస్తుంది. కానీ ఆ దెబ్బకు టైరు ఒక్కటే పోతే ఏమీ రాదు. టైరుతో పాటు బండికి ఇంకేదైనా దెబ్బ తగిలితేనే టైరు ఖర్చులో సగం. రోజూ గతుకుల్లో తిరిగి తిరిగి సస్పెన్షన్ అరిగిపోతే రాదు, దాన్ని అరుగుదల అంటారు. ఏ క్లెయిం అయినా మొదటి వెయ్యి రూపాయలు మనవే, 1500 సీసీ దాటిన బండికైతే రెండు వేలు. జీరో డిప్ చేసే పని వేరు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకు సగం కోస్తారు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి కోస్తారు, ఐదేళ్లు దాటితే 40 శాతం పోతుంది. జీరో డిప్ ఉంటే ఆ కోత ఉండదు, అంతే. అసలు కవరే లేని నష్టాన్ని అది కవర్‌లోకి తీసుకురాదు. బంపర్ టు బంపర్ ఉంటే అన్నీ వచ్చేస్తాయని నాకు చెప్పినవాళ్లంతా ఆ మాటను నిజంగా నమ్మే చెప్పారు.

ఇంజన్‌కు రావాలంటే ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా ఉంటుంది. కొంత అదనంగా కడితే, అడుగు పగిలి ఆయిల్ కారిపోయి ఇంజన్ పాడైనా, నీళ్లు లోపలికి లాగి పాడైనా అది చూసుకుంటుంది. దానికీ షరతులున్నాయి, చదివే తీసుకోవాలి. ఇలాంటిదొకటి ఉందని నాకు పాలసీ రాసినాయన ఏ సంవత్సరమూ చెప్పలేదు. గుంతల రోడ్ల మీద బతికే మాకే అది అందరికంటే ఎక్కువ అవసరం.

పాలసీలో ఇంకో షరతు ఉంది. దెబ్బతిన్న బండిని రిపేరు చేయించకుండా నడిపితే, ఆ తర్వాత పెరిగే నష్టం యజమానిదే. బండిని కాపాడుకోవడానికి సహేతుకమైన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి అని కూడా ఉంది. నా బాధంతా ఆ "సహేతుకం" దగ్గరే. పండక్కి పోతూ లైటు వెలిగినా నడిపితే డబ్బులివ్వొద్దు, నేనూ ఒప్పుకుంటాను. వెనక సీట్లో మనిషి ఊపిరి అందక పోతుంటే, అర్ధరాత్రి, చుట్టూ పొలాలు తప్ప ఏమీ లేని చోట, ఇంజన్‌ను కాపాడుకోవడం కోసం బండి ఆపడం ఏ కొడుకుకు సహేతుకం? మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ నడుపుతాను. అలా నడపడం తప్పని ఎవరి ముందూ ఒప్పుకోను.

మరి గుంత మాటేమిటి? ఆ రోడ్డు చూసే కార్యాలయానికి ఫొటోలతో సహా అర్జీ ఇచ్చాను. నిధులు రావాలన్నారు. తర్వాత ఎర్రమట్టి పోసి పూడ్చారు, ఒక్క వానకు కొట్టుకుపోయింది. నా నష్టం గురించి అడిగితే, అది మీ ఇన్సూరెన్సుతో తేల్చుకోండి అన్నారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా, వైకల్యం పాలైనా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. మనిషి దక్కి బండి పోతే ఆ సెక్షన్ వర్తించదు. 2013 నుంచి 2017 వరకు దేశంలో గుంతల వల్ల పోయిన ప్రాణాలు దాదాపు 15 వేలని సుప్రీంకోర్టే ఆందోళన పడింది. అన్ని ప్రాణాలకే జవాబు దొరకని చోట నా ఛాంబర్ గురించి ఎవరిని అడగను?

మా పక్క ఊరి కుర్రాడు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ సంగతంతా విని, అక్కడ గుంతలో పడి చక్రం పాడైతే స్థానిక కౌన్సిల్‌కే క్లెయిం రాస్తారని చెప్పాడు. రోడ్డును బాగా ఉంచాల్సిన బాధ్యత అక్కడ 1980 నాటి హైవేస్ చట్టంలోనే రాసి ఉందట. అక్కడా అందరికీ డబ్బులు రావు. సకాలంలో తనిఖీ చేశామని, మరమ్మతు చేశామని కాగితాలు చూపిస్తే కౌన్సిల్ తప్పుకోవచ్చు. కానీ కాగితాలు చూపించాల్సింది రోడ్డు వాళ్లు. ఇక్కడ అన్ని కాగితాలూ నేనే చూపించాను.

కంపెనీకి మళ్లీ రాశాను, మళ్లీ కాదన్నారు. ఇలాంటప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ తిరస్కరించిన ఏడాది లోపు రాయాలి. రెండోది ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఒకే విషయం మీద రెండుచోట్లా ఒకేసారి నడపకూడదు. కూర్చుని మాట్లాడుకునే దూరంలో ఉందని నేను ఒంగోలు ఎంచుకున్నాను.

వకీలు గారు ఫైలు చూసి ముందు అడిగినవి గుంత ఫొటోలు కావు, సర్వేయర్ రిపోర్టూ కాదు. కంభంలో తీసిన ఈసీజీ, మార్కాపురం ఆసుపత్రి అడ్మిషన్ షీటు. ఈసీజీ కాగితం మీద టైము అచ్చయి ఉంది. అడ్మిషన్ షీటు మీద నర్సు చేత్తో రాసిన టైము, దాని కింద ఆక్సిజన్ శాతం. ఆ రెండు టైముల మధ్య నేను ఏం చేయాల్సిందో కంపెనీ వాళ్లనే కమిషన్ ముందు చెప్పమందామన్నారు. రెండు కాగితాలకూ జిరాక్సులు తీయించి, నంబర్లు వేసి, కేసు దాఖలు చేశాం. వాయిదాలు నడుస్తున్నాయి. ఈసారి వాయిదాకు నాయన కూడా వస్తానంటున్నాడు.