అత్తయ్య వీలునామా, నా నోటుబుక్కు

మా మేనత్త పోయి ఏడాది దాటిందండీ. ఆస్తి అంటే మరీ అంత పెద్దదేం కాదు. రాజమండ్రిలో రెండు గదుల ఇల్లు, బ్యాంకులో డిపాజిట్లు, లాకర్లో కాసిని నగలు. అన్నీ టీచరు ఉద్యోగం చేసి ఆవిడ కొనుక్కున్నవే. మామయ్య పెళ్ళయిన ఆరేళ్ళకే పోయారు, పిల్లల్లేరు. వీలునామాలో ఎగ్జిక్యూటరుగా, అంటే అందులో రాసినట్టు అన్నీ జరిపించే మనిషిగా, నా పేరు రాయించింది.

"ఇంతమంది మగపిల్లలుండగా ఇంట్లో ఉండేదానికి ఎందుకత్తయ్యా ఈ గొడవ?" అని మా అన్నయ్య అడిగితే, "దాని వంటింట్లో ప్రతి డబ్బా మీదా పేరుంటుంది, ఎప్పుడు కొన్నదో తారీఖుంటుంది. నాకలాంటి మనిషే కావాలి" అందిట. బీకామ్ చదివిన అన్నయ్య ఇప్పటికీ ఆ మాట మర్చిపోలేదు.

అసలు అత్తయ్యకి వీలునామా ఎందుకు అవసరమైందో ముందు చెప్పాలి. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. అందులో 15వ సెక్షన్ ప్రకారం, పెళ్ళయిన ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే ఆవిడ ఆస్తి ముందు పిల్లలకీ భర్తకీ వెళ్తుంది. వాళ్ళెవరూ లేకపోతే భర్త వారసులకి. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. పిల్లలు లేనప్పుడు పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి మాత్రం తిరిగి తండ్రి వారసులకి పోతుంది. కానీ సొంతంగా సంపాదించుకున్నది అత్తింటి వైపుకే. 2009లో సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటి కేసే వచ్చింది. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోతే అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టిన అమ్మాయి, పుట్టింట్లో ఉండి చదువుకుని, ఉద్యోగం చేసి కూడబెట్టుకుంది. వీలునామా లేదు. ఆవిడ తల్లి బతికే ఉన్నా, సొమ్మంతా భర్త అక్కచెల్లెళ్ళ వారసులకి వెళ్ళింది. జాలి చూసి తీర్పు చెప్పలేమన్నారు. ఒక్క కాగితం ఉంటే సరిపోయేది. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ కాగితానికి పెద్ద ఖర్చు కూడా లేదు. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రాసినవాళ్ళ సంతకం, ఆ సంతకాన్ని చూసి తామూ సంతకం పెట్టే ఇద్దరు సాక్షులు కావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా అత్తయ్య సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి చేయించింది. గొడవ వస్తే కోర్టులో ఒక్క సాక్షయినా వచ్చి చెప్పాలట. అత్తయ్య సాక్షుల్లో ఒకాయన ఆవిడ ఈడువాడే, ఆవిడకంటే ముందే వెళ్ళిపోయాడు. రెండో సాక్షి వయసులో చిన్నావిడ కాబట్టి నాకు ధైర్యంగా ఉంది. అందుకే మనకంటే చిన్నవాళ్ళని, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని, మన ఆస్తిలో వాటా రానివాళ్ళని పెట్టుకోవాలి.

ఇక నా పని. పదమూడో రోజు అయ్యాక ఒక లాంగ్ నోటుబుక్కు కొన్నాను. ఎడమ పేజీలో ఆవిడకి రావలసినవి, కుడి పేజీలో ఆవిడ ఇవ్వవలసినవి. పంపకాలు ముందు కాదండీ. ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు, ఆ పైన మిగిలిందే పంచాలి. ఇది చాలామందికి మింగుడు పడదు. అత్తయ్య ఒక చీటీ పాడేసుకుంది, ఇంకా అయిదు నెలల వాయిదాలున్నాయి. "మనిషే పోయాక ఇంకేం కడతావు" అన్నారు మా వాళ్ళు. చీటీ సభ్యులంతా ఆ వీధివాళ్ళే. ఆవిడ ఎత్తుకున్నది వాళ్ళ డబ్బే కదా! కట్టాను. పాలవాడి లెక్క, వంటమనిషి జీతం, కరెంటు బిల్లు కూడా కట్టేశాను.

అసలు చిక్కు ఒక డిపాజిట్ దగ్గర వచ్చింది. ఎప్పుడో ఉద్యోగంలో ఉండగా దానికి మామయ్య అన్నగారి అబ్బాయిని నామినీగా పెట్టింది. వీలునామాలో మాత్రం డిపాజిట్లన్నీ మా చిన్నాన్న కూతురికి రాసింది. చివరి ఏడేళ్ళూ అత్తయ్యని కనిపెట్టుకుని ఉన్నది ఆ పిల్లే. బావ బ్యాంకుకి వెళ్ళి డబ్బు తెచ్చుకున్నాడు. "నామినీని నేను కదా" అన్నాడు. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషే కానీ సొంతదారు కాడు. 1983లోనే సుప్రీంకోర్టు ఒక ఎల్ఐసీ పాలసీ కేసులో ఈ మాట చెప్పింది. (ఇన్సూరెన్సులో 2015 నుంచి భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలైతే లెక్క మారింది. డిపాజిట్లకి మారలేదు.)

పోట్లాటకి వెళ్ళినట్టు కాకుండా నోటుబుక్కు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కుడి పేజీలో ఒక పద్దు చూపించాను. చివరిసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు బావే 42,000 కట్టాడు. రసీదు అత్తయ్య ఫైల్లో ఉంది.

"ముందు ఇది నీకివ్వాలి బావా. తర్వాతే మిగతా లెక్క."

"నేను అడగలేదు కదే."

"అడక్కపోయినా అప్పు అప్పే."

బావ చాలాసేపు ఆ పేజీ వైపే చూశాడు. అక్కయ్య కాఫీ తెచ్చింది, ఎవరం ఏం మాట్లాడలేదు. రెండు వారాల తర్వాత 42,000 మినహాయించుకుని మిగతాది చెల్లెలి ఖాతాకి పంపాడు. ఇవ్వకపోయి ఉంటే కోర్టే గతి. ఆ రెండు వారాలూ నేను సరిగ్గా నిద్రపోలేదు.

లాకరు తెరిచిన రోజు బ్యాంకు ఆఫీసరు, ఇద్దరు సాక్షుల ఎదురుగా ఒక్కో వస్తువూ రాసి సంతకాలు పెట్టాం. వీలునామాలో "నా జత గాజులు మా అన్న మనవరాలికి" అని ఉంది. అంటే మా అన్నయ్య కూతురు. తీరా చూస్తే లాకర్లో రెండు జతలున్నాయి! ఒకటి బరువైన కంకణాలు, ఇంకొకటి అరిగిపోయిన సన్నవి. పైన చెప్పని మిగతావన్నీ చెల్లెలివి. ఏ జత ఎవరిదో నా అంతట నేను చెప్పేస్తే అది నా వీలునామా అవుతుంది గానీ ఆవిడది కాదు. ఇద్దర్నీ కూర్చోబెట్టాను. మా అన్నయ్య కూతురు సన్నవి తీసుకుంది. "నానమ్మ చేతికి ఇవే చూశాను అత్తా" అంది. మా వదిన మొహం చిన్నబోయింది, అయినా ఏం అనలేదు. ఇద్దరి చేతా కాగితం మీద సంతకాలు పెట్టించాను. నగల గురించి రాసేవాళ్ళు బరువూ, గుర్తులూ కూడా రాయండి. వీలైతే ఫోటో తీసి పెట్టండి.

ఇల్లు చెల్లెలి పేరుకి మారింది. మున్సిపాలిటీ పన్ను, కరెంటు మీటరు కూడా. నాకు రాసిన కుట్టుమిషను మా హాల్లో ఉంది. అన్నయ్య లెక్కలన్నీ ఒకసారి చూస్తానన్నాడు. చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చాడు. అన్నయ్య విషయంలో అది మెచ్చుకోవడమే.

ఒక్క పని మిగిలింది. వంటమనిషి మనవరాలి చదువుకని అత్తయ్య రెండు లక్షలు విడిగా రాసింది. వడ్డీతో ఫీజు కట్టాలి, పద్దెనిమిది నిండాక అసలు ఆ పిల్ల చేతికివ్వాలి. అప్పటిదాకా ఆ సొమ్ము నా దగ్గర ఉన్నా నాది కాదు. ట్రస్టు అంటే ఇదేనట. అందుకని నా డబ్బుతో కలవకుండా వేరే ఖాతా తెరిచాను. ఈలోగా నాకేమైనా అయితే ఎవరు చూడాలో కూడా అత్తయ్యే రాసింది, మా చెల్లెలని. పిల్లకిప్పుడు పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. ఈ జూన్‌లో కట్టిన ఫీజు రసీదు నోటుబుక్కులో అంటించాను. లెక్కల్లో తక్కువ మార్కులొస్తున్నాయని వాళ్ళమ్మమ్మ ఫోన్ చేసి చెప్పింది. ట్యూషన్‌కి వడ్డీ సరిపోతుందేమో చూడాలి.