మిస్‌హాప్ తర్వాతి వాక్యం

సెప్టెంబరు 7, ఆదివారం

నిమజ్జనం మర్నాడు జిల్లా డెస్కులో పని ఎప్పుడూ రెండింతలు. విలేకరులు పంపిన కాపీల్లో సగానికి ఒకటే హెడ్డింగు: ‘నిమజ్జనంలో అపశ్రుతి’. ఒక ఊళ్లో చెరువులోకి దిగిన కుర్రాడు పైకి రాలేదు. మరో ఊళ్లో ట్రాక్టరు మీది విగ్రహం కరెంటు తీగకు తగిలి ఇద్దరికి షాక్ కొట్టింది. ఇంకోచోట డీజే బాక్సు మీద పడి ఒకాయన కాలికి కుట్లు పడ్డాయి. చావుకూ కుట్లకూ ఒకటే మాట. కచేరీలో గొంతు జారితే అనాల్సిన మాటను పెళ్లికీ, షూటింగుకీ, బహిరంగ సభకీ అంటగట్టేశాం. చదివితే మనిషి పోయినట్టు ఉండదు, పండగ పాడైనట్టు ఉంటుంది.

ఏజెన్సీ ఇంగ్లీషు కాపీలో ‘నో మేజర్ మిస్‌హాప్’ అని పోలీసు అధికారి అన్నట్టు ఉంది. మా కొత్త సబ్ ఎడిటర్ దాన్ని ‘పెద్ద ప్రమాదాలేవీ జరగలేదు’ అని చేశాడు. అదే పేజీలో కింద చెరువులో పోయిన కుర్రాడి ఫొటో.

“సార్, ఈ రెండూ ఒకే పేజీలో ఎలా?” అని వాడే అడిగాడు. ఎడిషన్ టైమైపోయింది. పై లైను కొట్టేసి పంపించాం.

సెప్టెంబరు 9, మంగళవారం

వీక్లీ ఆఫ్. మిస్‌హాప్ సంగతి తేల్చుకుందామని నిఘంటువు తీశాను. ‘హ్యాప్’ అంటే అదృష్టం, యోగం. నార్స్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. హ్యాపెన్, హ్యాపీ, పర్‌హ్యాప్స్, హ్యాప్‌లెస్ అన్నీ ఆ ఇంటివే. ముందు ‘మిస్’ చేరితే యోగం బెడిసికొట్టినట్టు. వాడుకలో ఇప్పుడది చిన్న మాట: కాఫీ ఒలికినా, కూర మాడినా మిస్‌హాపే. మన దేశపు ఇంగ్లీషు పత్రికలు మాత్రం ‘రోడ్ మిస్‌హాప్’, ‘బోట్ మిస్‌హాప్’ అంటూ చావులకూ వాడేస్తాయి. ఇంగ్లీషులో యాక్సిడెంట్ కన్నా రెండక్షరాలు తక్కువ, సింగిల్ కాలమ్ హెడ్డింగులో ఇరుకు తీరుతుంది.

అసలు యాక్సిడెంట్ అనే మాటకే అడ్డం చెప్పినవాళ్లున్నారు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తన పేజీల్లో ఆ మాట ఇక వాడబోమంది. గాయాల్లో చాలావరకు ముందే పసిగట్టదగ్గవీ ఆపదగ్గవీ అయినప్పుడు, ఎవరి చేతిలోనూ లేదన్నట్టు ధ్వనించే మాటెందుకని వాళ్ల వాదన. 2013లో న్యూయార్క్ పోలీసులు దర్యాప్తు విభాగం పేరులోంచి యాక్సిడెంట్ తీసేసి ‘కొలిజన్’ పెట్టారు. మన కేంద్ర రవాణా శాఖ ఏటా వేసే నివేదిక పేరు ‘రోడ్ యాక్సిడెంట్స్ ఇన్ ఇండియా’. 2022 లెక్కలో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు. మరణాల్లో ఎక్కువ భాగానికి రాసిన కారణం అతివేగం. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టింది యోగం కాదు కదా.

సెప్టెంబరు 11, గురువారం

మాట మార్చేస్తే సరిపోతుందని మొన్నటి దాకా అనిపించింది. ఇవాళ చదివింది దానికి ఎదురు తిరిగింది. అమెరికా సైన్యానికి మిస్‌హాప్ అంటే లెక్కా పత్రం ఉన్న మాట. నష్టాన్ని బట్టి ఎ, బి, సి, డి అని తరగతులు. మనిషి చనిపోతే నేరుగా ‘ఎ’. ఆస్తి నష్టమైతే ‘ఎ’కు హద్దు 20 లక్షల డాలర్లుండేది, 2019 అక్టోబరులో 25 లక్షలు చేశారు.

నాసా కూడా అంతే. అంగారకుడి చుట్టూ తిరగాల్సిన క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న కనిపించకుండా పోయింది. దాని మీద వేసిన కమిటీ పేరే ‘మిస్‌హాప్ ఇన్వెస్టిగేషన్ బోర్డు’. నేల మీది ఒక సాఫ్ట్‌వేరు ఇంజన్ తోపును పౌండ్లలో లెక్కగడితే, అందుకున్న సాఫ్ట్‌వేరు న్యూటన్లనుకుంది. తేడా 4.45 రెట్లు. 226 కిలోమీటర్ల ఎత్తున సాగాల్సిన నౌక 57 కిలోమీటర్లకు దిగిపోయింది. బోర్డు అక్కడితో ఆగలేదు. మూలకారణం ఒకటి, దానికి తోడైన కారణాలు ఎనిమిది అని వరసగా రాసింది. అంకెలు కుదరడం లేదని దారి చూసే బృందానికి ముందే అనుమానం వచ్చినా, అది చేరాల్సిన చోటికి చేరాల్సిన పద్ధతిలో చేరలేదని కూడా రాసింది.

మెత్తని మాటే, కానీ దాని వెనక పెద్ద ఫైలు తెరుచుకుంది. మా ‘అపశ్రుతి’తో ఫైలు మూసుకుపోతుంది. తేడా మాటలో లేదు, ఆ తర్వాత రాసే వాక్యంలో ఉంది.

సెప్టెంబరు 13, శనివారం

రైల్వే వార్తల్లో ‘అవాంఛనీయ ఘటన’ అనేది పోలీసుల ఊతపదం కాదు, 1989 రైల్వే చట్టం మాట. రైల్లోంచి ప్రమాదవశాత్తు జారిపడటం కూడా అందులోకే వస్తుంది. రైల్వే తప్పుందా లేదా అన్నదానితో పని లేకుండా పరిహారం ఇవ్వాలి. మృతికైతే 2017 నుంచి 8 లక్షలు. ఆత్మహత్య, తాగిన మైకం లాంటివైతే ఇవ్వరు. ‘రైలు నుంచి పడి వ్యక్తి మృతి’ అని ఒక్క లైనుతో వదిలేస్తే ఆ ఇంటివాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

బీమాలో ఇంకా చిక్కు. పాలసీ భాషలో ప్రమాదమంటే హఠాత్తుగా, అనుకోకుండా, బయటి నుంచి కంటికి కనిపించేలా బలంగా తగిలింది. పాము కాటుకు డబ్బొస్తుంది, గుండెపోటుకు రాదు. మొజాంబిక్‌లో పనిచేస్తూ మలేరియాతో చనిపోయిన ఒక టీ ఫ్యాక్టరీ మేనేజరు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దోమ కాటు ప్రమాదమే అన్నారు కుటుంబం వాళ్లు. ముగ్గురిలో ఒకరికి మలేరియా వచ్చే దేశంలో దాన్ని అనుకోని ఘటన అనలేమని 2019లో కోర్టు తేల్చింది. ఎంత తరచుగా జరిగితే అంత తక్కువ ‘ప్రమాదం’ అన్నమాట. కోర్టు చెప్పింది బీమా కోసమే అయినా, మన రోడ్లకూ నప్పే తర్కం.

సెప్టెంబరు 16, మంగళవారం

సాయంత్రం ఒక కాపీ: ‘అదుపు తప్పిన కారు చెట్టును ఢీకొని ఇద్దరి దుర్మరణం’. రోజూ రాసే వాక్యమే. అదుపు తప్పింది కారు, ఢీకొంది కారు. నడిపినవాడు లేడు, రోడ్డు లేదు, వేగం లేదు. అడుగున ‘విధి వక్రించింది’ అని ముగింపు. దర్యాప్తు తేలకముందే ఫలానావాడిదే తప్పని రాయకూడదు, నిజమే. కళ్లకు కనిపించేది రాయొచ్చు కదా. విలేకరికి ఫోన్ చేశాను.

“మలుపు దగ్గర బోర్డుందా?”

“లేదు సార్. ఉండేది, పడిపోయింది.”

“లైటు?”

“స్తంభముంది, వెలగదు. ఇదే మలుపులో పోయినేడు కూడా పడ్డారు సార్. ఊళ్లో అడిగితే వరసగా చెబుతారు.”

“మరి కాపీలో రాయలేదేం?”

“మామూలేగా సార్, అని రాయలేదు.”

జాతీయ రహదారి మీద సుమారు అర కిలోమీటరు మేర మూడేళ్లలో ప్రాణాలు పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరిగితే ‘బ్లాక్ స్పాట్’ కింద చూడాలని కేంద్రం లెక్క. ఊరివాళ్ల మాట పట్టుకుని స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్‌లు చూడమన్నాను. తొమ్మిదింటికి తిరిగి చేశాడు: మూడేళ్లలో ఆరు. విధిని తీసేసి ఆ అంకెను మొదటి పేరాలో పెట్టాం. హెడ్డింగు ‘మూడేళ్లలో ఆరోసారి అదే మలుపు’. రహదారి ఇంజనీరు ఫోనెత్తలేదు. ఆయన వివరణకు రెండో ఎడిషన్‌లో నాలుగు లైన్ల జాగా ఉంచమని పేజీ పెట్టేవాడికి చెప్పాను.