ఆర్డరిచ్చాక పావుగంట

ఇంట్లో ఆకలేస్తే మనం లేవాలి. హోటల్లో ఆకలేస్తే కూర్చోవాలి. ఈ తేడా ఎంత పెద్దదో మగవాళ్లకి చెప్పి ఒప్పించడం కష్టం గానీ, మీకైతే చెప్పక్కర్లేదు. ఆర్డరిచ్చాక ప్లేటు వచ్చేదాకా మామూలు రోజైతే పావుగంట, ఆదివారమైతే అరగంట. అంతసేపూ నా చేతికి పనుండదు. పొయ్యి మీద ఏదీ పొంగదు, కుక్కరు విజిళ్లు లెక్కపెట్టక్కర్లేదు. మా వారు ఫోను తీస్తారు. మా అబ్బాయి అప్పటికే తీసి ఉంటాడు. నేను బొమ్మల పుస్తకం తీస్తాను.

ఈ అలవాటు మొదలై నాలుగేళ్లయింది. ఆరు పుస్తకాలు నిండాయి. అన్నీ అరచేతికంటే కాస్త పెద్దవి, హ్యాండ్‌బ్యాగులో తాళాల పక్కన పట్టేవి. ఒక 2బి పెన్సిలు, నీళ్లు తగిలినా చెదరని ఇంకున్న నల్ల పెన్ను, పన్నెండు బిళ్లల చిన్న రంగుల డబ్బా, కడుపులో నీళ్లు పోసుకునే బ్రష్షు. ఆ బ్రష్షు తప్పనిసరి. అది లేకపోతే తాగే గ్లాసులో కుంచె ముంచాల్సొస్తుంది. రంగునీళ్ల గ్లాసు బల్ల మీద వదిలేసి రావడం నాకు నచ్చదు. కడిగే మనిషి బాధ మనకి తెలియదా?

నేను బొమ్మలు నేర్చుకున్నదాన్ని కాదు, బి.ఏ. తెలుగు చదువుకున్నదాన్ని. గురులఘువులు గుర్తించమంటే నోట్సు మార్జిన్లో మాస్టారి కళ్లజోడు గీసేదాన్ని. మన ఇళ్లలో పెరిగిన ఆడపిల్లకి బొమ్మంటే ఒకవైపు బాపు, ఇంకోవైపు చందమామ అట్టల మీద వడ్డాది పాపయ్య. బాపు బొమ్మ చూస్తే రెండు గీతలే కదా అనిపిస్తుంది, వేద్దామని కూర్చుంటే ఆ రెండే రావు. పెళ్లయ్యాక నేను గీసినవన్నీ వాకిట్లో ముగ్గులే. వాటికి మాత్రం చాలా రుణపడి ఉన్నాను. చెయ్యి ఆగకుండా ఒక గీత ఇక్కడ మొదలుపెట్టి అక్కడ తేల్చడం ముగ్గు నేర్పినట్టు ఏ క్లాసూ నేర్పదు.

ఇలా బయట కూర్చుని కళ్లెదురుగా ఉన్నది గీసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అమెరికాలో సియాటిల్ పత్రికలో పనిచేసే గాబ్రియేల్ కాంపనారియో అనే ఆయన 2007లో ‘అర్బన్ స్కెచర్స్’ అని మొదలుపెట్టాడు. వాళ్లకి ఎనిమిది సూత్రాలున్నాయి. మొదటిది, అక్కడే కూర్చుని, కంటితో చూసింది గీయాలి అని. ఫోటో తీసుకుని ఇంటికొచ్చి తీరిగ్గా వేస్తే అది లెక్కలోకి రాదు. ఇంకోటి, చూసిన దృశ్యానికి నిజాయితీగా ఉండాలి అని. ఈ రెండోదాని సంగతి తర్వాత చెబుతాను, దానితో నాకు కొంచెం పేచీ వచ్చింది.

అందరూ అనుకున్నట్టు మనుషులు కష్టం, వస్తువులు తేలిక అని కాదు. హోటల్లో అన్నిటికంటే కష్టమైంది ఇడ్లీ. తెల్ల కాగితం మీద తెల్లటి ప్లేటు, అందులో తెల్లటి ఇడ్లీ! ఇడ్లీని వేయకూడదు, దాని కింది నీడని వెయ్యాలి. ఆ నీడ కూడా నల్లగా ఉండదు, సాంబారు వైపు కాస్త ఎర్రగా, కొబ్బరి చట్నీ వైపు కాస్త నీలంగా ఉంటుంది. వాన్‌గో 1888లో ఆర్ల్ ఊళ్లో ఒక కాఫీ హోటల్ని రాత్రిపూట అక్కడే నిలబడి వేసి, నలుపు లేకుండా రాత్రిని వేశానని చెల్లెలికి ఉత్తరం రాశాడు. నా డబ్బాలో నల్ల బిళ్ల అలాగే కొత్తగా ఉండిపోయింది. స్టీలు గ్లాసుకి అసలు సొంత రంగే లేదు. పక్కనున్న సీసా పచ్చన, సర్వర్ చొక్కా నీలం, మా వారి ముఖం, అన్నీ వంకరగా అందులో ఉంటాయి. పైన మెరుపున్న చోట కాగితం ఖాళీగా వదిలేసి, దాని పక్కనే ఉన్నదాంట్లోకెల్లా ముదురు రంగు పెడితే గ్లాసు దానంతటదే తళతళలాడుతుంది. గ్లాసు మూతి మనకి దూరంగా ఉంటే సన్నటి కోడిగుడ్డులా, దగ్గరికొచ్చేకొద్దీ గుండ్రంగా కనపడుతుంది. ఇన్నేళ్లు గ్లాసులు తోమాను, ఈ సంగతి గీసినప్పుడే కనిపెట్టాను.

పెసరట్టు రంగు దొరకడానికి నాకు ఏడాది పట్టింది. ఆకుపచ్చ వేస్తే ఆకులా ఉంటుంది గానీ అట్టులా ఉండదు. కాస్త గోధుమ, కాస్త పసుపు, పేరుకి మాత్రం ఆకుపచ్చ కలిపి, తడి ఆరకముందే అంచుల్లో ఎరుపు తాకించాలి. జీలకర్ర చుక్కలు చివర్న పెన్నుతో. ఉప్మా పెసరట్టయితే పొట్ట దగ్గర ఉబ్బు కనపడాలి, లేకపోతే ఎవరూ నమ్మరు. ఒక జాగ్రత్త. నెయ్యి వేళ్లతో కాగితం ముట్టుకుంటే ఆ చోట ఇంక రంగు పట్టదు, నీళ్లు జారిపోతాయి. నా మూడో పుస్తకంలో సగం దోసెలకి వేలిముద్ర ఆకారంలో చిల్లులున్నాయి. అవి బానే ఉన్నాయనిపించి అలాగే ఉంచాను.

ఏ హోటలైనా మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్య వెళ్లండి. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి టిఫిన్ హోటల్లో మన కుర్చీ వెనకే ఇంకో కుటుంబం నిలబడి మన ప్లేటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తుంటారు. అప్పుడు పుస్తకం తీయడం అన్యాయం. గోడవైపు కుర్చీ పట్టుకుంటే వెనకనుంచి తొంగిచూసేవాళ్లుండరు. తెలియని ఆడవాళ్ల ముఖాలు పోల్చుకునేలా వేయను, వీపు, జడ, చీర అంచు చాలు. చార్మినార్ ఎదురుగా నిమ్రా దగ్గర మాత్రం ఈ బాధ లేదు. అక్కడ నిలబడి చాయ్ తాగేవాళ్లే ఎక్కువ, ఒక చేతిలో ఉస్మానియా బిస్కెట్టు, ఒక చేతిలో కప్పు, అందరి చూపూ ఎటో. కదిలే మనిషిని ఎలా వేస్తావని మా అబ్బాయి అడుగుతాడు. మనిషి కదిలినా మళ్లీ అదే భంగిమలోకి వస్తాడు, కాస్త ఓపిక పట్టాలంతే. చెయ్యి సగం వేసి ఇంకో మనిషిని మొదలుపెట్టి, పాతాయన చెయ్యి తిరిగొచ్చాక మిగతా సగం వేస్తాను.

మా వీధి చివరి హోటల్లో సర్వర్లందరికీ నా సంగతి తెలుసు. ఒకసారి గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఓనర్ని వేస్తుంటే కుర్ర సర్వర్ వంగి చూసి, “కొంచెం పొట్ట తగ్గించండి మేడమ్, చూస్తే నన్నంటారు” అన్నాడు. మా వారికి మొదట్లో మొహమాటం. “అందరూ చూస్తున్నారు” అనేవారు. “చూడనివ్వండి, మీరు ఫోన్లో చూసేవాళ్లు మిమ్మల్ని చూడట్లేదు కదా” అన్నాను. ఆ తర్వాత ఏమనలేదు. ఇప్పుడు వెలుతురున్న బల్ల ఆయనే వెతుకుతారు.

మా ఇంట్లో ఫోను చూడని మనిషి ఒక్కరే, మా అత్తగారు. అందుకే ఆరు పుస్తకాల్లోనూ ఎక్కువున్నది ఆవిడే. డెబ్భై నాలుగేళ్లు. అరవై దాటేదాకా హోటల్ గడప తొక్కలేదు. ఎవరు వండారో, ఏ చేత్తో వండారో అనేవారు. మామగారు పోయిన తర్వాత ఒక రోజు ప్రయాణంలో తప్పనిసరై ఇడ్లీ తిన్నారు. “మెత్తగానే ఉందమ్మాయ్” అన్నారు. అంతే, ఆ తర్వాత నెలకి రెండుసార్లు బయటి టిఫిను ఆవిడ హక్కు. నిటారుగా కూర్చుంటారు, గ్లాసు కొంగుతో ఒకసారి తుడిచి గానీ నోటి దగ్గర పెట్టరు. గీయడానికి అంత చక్కటి మనిషి దొరకదు.

నిరుడు ఉగాది దాటాక ఒక రోజు పాత పేజీలు తిరగేస్తున్నాను. ప్రతి బొమ్మ కిందా తేదీ వేస్తాను. వరసగా మూడు బొమ్మల్లో అత్తయ్యగారికి కుడిచెయ్యి లేదు. కనపడింది వేస్తాను కాబట్టి, కనపడలేదన్నమాట. బల్ల కింద, కొంగు మాటున ఉంది. కాఫీ గ్లాసు ఎడంచేతిలో ఉంది. అంతకుముందు ఏడాది బొమ్మలు చూశాను, అన్నిట్లో గ్లాసు కుడిచేతిలోనే. కుడిచేత్తో తప్ప తాంబూలం కూడా అందుకోని మనిషి ఎడంచేత్తో కాఫీ తాగుతున్నారు!

ఆవిడని ఏమీ అడగలేదు. రెండు రోజులు ఇంట్లో గమనించాను. పేపరు చదువుతుంటే ఒళ్లో ఉన్న కుడిచేతి బొటనవేలు ఊరికే కదులుతోంది, జపమాల తిప్పుతున్నట్టు. ఏదైనా పట్టుకుంటే ఆగుతోంది. ఆవిడ రామకోటి పుస్తకం తీసి చూశాను. మొదటి పేజీల్లో గడి నిండా ఉన్న అక్షరాలు రానురాను చిన్నవై, చివరి పేజీల్లో గడికి ఒక మూల ముడుచుకున్నాయి. గడులు మాత్రం అవే.

నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఒక వాక్యం రాయమన్నారు, తర్వాత లోపల్నించి బయటికి చుట్లు చుట్టినట్టు గీయమన్నారు. “బొమ్మలేసేది మా కోడలండీ, నేను కాదు” అన్నారు అత్తయ్యగారు. నవ్వాం గానీ, ఆ చుట్ల మధ్య దూరం చూస్తే నాకు గొంతు పట్టేసింది. పార్కిన్సన్స్ మొదటి దశ. ఇది చాలామందిలో ఒకవైపే మొదలవుతుందట, అక్షరం చిన్నదవడం కూడా ఒక గుర్తేనట. మందులున్నాయి, నడక, వ్యాయామం ముఖ్యం, భయపడొద్దు అన్నారు. మాత్ర తిండికి అరగంట ముందు వేసుకోమన్నారు, పప్పు, పెరుగు లాంటి వాటితో కలిపి వేసుకుంటే సరిగా పట్టదట.

ఆవిడ భయపడలేదు. సిగ్గుపడ్డారు. అది ఇంకా కష్టం. “నలుగురిలో చెయ్యి వణుకుతుంటే ఏం తింటాను, మీరు వెళ్లండి” అని హోటలుకి రావడం మానేశారు. తర్వాత పేరంటాలు మానేశారు. తర్వాత కింద బెంచీ దగ్గరికి దిగడం మానేశారు. నచ్చచెప్పడానికి మా వారు ప్రయత్నించారు, ఆడపడుచు ఫోన్లో ప్రయత్నించింది. నచ్చచెప్పేకొద్దీ ఆవిడ “అలాగే” అనేవారు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు అనే “అలాగే”కి అర్థం మీకు తెలుసు కదా.

నెలన్నర గడిచాక ఒక మధ్యాహ్నం ఆరు పుస్తకాలూ తెచ్చి ఆవిడ మంచం మీద పెట్టాను. కళ్లజోడు ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను. గంట తర్వాత పిలిచారు. “నా ముక్కు ఇంత పొడుగా?” అన్నారు. “ఇది కాకినాడ వెళ్లినప్పటిది కదూ, బుట్టభోజనం తిన్నాం” అన్నారు. “ఈ రోజు సాంబారు బాలేదు, నువ్వు అడ్డంగా ఏదో రాశావు చూడు” అన్నారు. ఆ మూడు బొమ్మల దగ్గర కాసేపు ఆగారు గానీ ఏమనలేదు. పుస్తకాలు వరసగా సర్ది ఇస్తూ, “ఆదివారం వద్దు. మామూలు రోజు, జనం లేనప్పుడైతే వస్తాను. కానీ అమ్మాయ్, చెయ్యి వెయ్యకు” అన్నారు.

ఇదీ నా పేచీ. చూసిందానికి నిజాయితీగా ఉండాలని సూత్రం. ఆ ఎనిమిది సూత్రాలు రాసినవాళ్లకి అత్తగార్లు లేరేమో మరి. నేను బల్లకి ఇటువైపు మారి కూర్చున్నాను. ఇక్కణ్ణించి నీళ్ల జగ్గు అడ్డం వస్తుంది, చెయ్యి నిజంగానే కనపడదు. అబద్ధం వెయ్యలేదు, కుర్చీ మార్చానంతే.

అప్పట్నించి మా పద్ధతి మారింది. హోటల్లో కూర్చోగానే ముందు మాత్ర. ఆ తర్వాత పావుగంటకి ఆర్డరు. అంటే నాకు పావుగంట కాస్తా అరగంట అయింది. కుర్ర సర్వర్ ఎవరూ చెప్పకుండానే ఆవిడకి కాఫీ గ్లాసులో సగమే పోసి తెస్తున్నాడు, మిగతా సగం తర్వాత తెస్తాడు. ఎవరైనా నేర్పారో, వాళ్లింట్లో కూడా ఎవరికైనా ఉందో, అడగలేదు.

పోయిన బుధవారం జగ్గు లేదు, వేరే బల్లకి తీసుకెళ్లారు. నేను గ్లాసు వేసి, దాని చుట్టూ ఎడంచేతి వేళ్లు వేసి ఆపేశాను. అత్తయ్యగారు బొమ్మ చూస్తామని చెయ్యి చాపారు. చాలాసేపు చూశారు.

“రెండు చేతుల్తో పట్టుకుంటే కదా ఒలక్కుండా ఉంది. ఒకటే వేశావేం?” అన్నారు.

పెన్సిలుతో రెండో చెయ్యి మొదలుపెట్టాను. బొటనవేలు, చూపుడువేలు వచ్చేసరికి పెసరట్లు వచ్చాయి. పెసరట్టు చల్లారితే రబ్బరే. పుస్తకం మూసేశాను. ఆ చెయ్యికి ఇంకా రంగు వెయ్యాలి.