కండెమ్ లిస్టు

మా హైస్కూలుకి పన్నెండు కంప్యూటర్లున్నాయి. నేను బదిలీ మీద ఈ బడికొచ్చేటప్పటికి అవి స్టోరు రూములో, విరిగిన బెంచీలకీ చిరిగిన మ్యాపులకీ మధ్యన దుమ్ము కొట్టుకుని పడున్నాయి. స్టాకు రిజిస్టర్లో వాటి పక్కన 'కండెమ్ చేయదగినవి' అని రాసుంది. మా పిల్లల్లో సగానికి పైగా మాదిగపల్లె, మాలపల్లె, యానాది సంఘం పిల్లలే. నాలుగు డబ్బులున్నోళ్ల పిల్లలు పొద్దున్నే బస్సెక్కి కాన్వెంటుకి పోతారు. సర్కారు బడి ఇప్పుడు మన బడి అయింది. మన బడి అయ్యాక అందులో సామాను ఏమైందని అడిగేవాడు లేడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, 2003లో, మా ఊరి హైస్కూలుకి నాలుగు కంప్యూటర్లొచ్చాయి. వాటికొక గది. గదికి తాళం. నేల మీద తివాచీ. లోపలికి పోవాలంటే చెప్పులు బయట విడవాలి. మాకు విడవడానికి చెప్పులుంటే గదా! మా అయ్య ఊరందరికీ చెప్పులు కుట్టేవాడు, మేం మాత్రం ఉత్తకాళ్లతోనే బడికి పోయేవాళ్లం. కాళ్లు కడుక్కున్నా లోపలికి రానిచ్చింది లేదు. లోపల ఊళ్లో పెద్దోళ్ల పిల్లలు కూర్చుని బొమ్మలేసేవాళ్లు. మేం కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్లం. 'ముట్టుకుంటే పాడైపోద్ది' అనేవాళ్లు. ఆ మాట మాకు బావి దగ్గర తెలుసు, హోటల్లో గ్లాసు దగ్గర తెలుసు. మిషను దగ్గర కూడా అదే మాట. నా వేలు మొదటిసారి కీబోర్డు మీద పడింది డిగ్రీకొచ్చాకే. అప్పటికి నా క్లాసులో కొందరు ఇంటి దగ్గర కంప్యూటరు మీద ఏళ్ల తరబడి ఆడుకున్నవాళ్లు. వాళ్లది తెలివి అన్నారు, నాది వెనకబాటు అన్నారు.

స్టోరు రూములో మిషన్లు చూసినప్పుడు ఇదంతా మెదిలింది. అవి ఎందుకు కండెమ్ అయ్యాయో తెలుసుకోవాలనిపించింది. అందులో ఎనిమిది మూడో తరం ఐ3 ప్రాసెసరువి, 4 జీబీ ర్యామ్. నాలుగు ఇంకా పాతవి, కోర్ టూ డ్యూయో, 2 జీబీ. అన్నిట్లో విండోస్ 7 ఉంది. దానికి 2020 జనవరి 14తో సపోర్టు ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో క్రోమ్ బ్రౌజరు కూడా కొత్త వెర్షన్లలో దాన్ని వదిలేసింది. ఆ తర్వాత ఒక్కో సైటూ తెరుచుకోవడం మానేసింది. ఒక మెకానిక్కుని పిలిస్తే, 'వీటికి విండోస్ 11 ఎక్కదు సార్, వీటికా అర్హత లేదు, పక్కన పడేయండి' అన్నాడు.

అర్హత! ఆ మాట ఇంటర్వ్యూ గదుల్లో విన్నాను, రిజర్వేషన్ మీద స్టాఫ్ రూముల్లో జరిగే చర్చల్లో విన్నాను. ఇనప డబ్బా గురించి కూడా వింటానని అనుకోలేదు.

ఆ అర్హత ఏందో విప్పి చూశాను. 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, సెక్యూర్ బూట్ కావాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం, అంటే 2017లో వచ్చినవి, ఆపైవే లిస్టులో ఉన్నాయి. కారణం లేకుండా పెట్టారని నేననను. తాళం చెవుల్లాంటి రహస్య సంకేతాలు ఆ చిప్పులో దాస్తారు, మిషను లేచేటప్పుడే దొంగ ప్రోగ్రాము జొరబడకుండా చూస్తారు. బ్యాంకుకి అది అవసరమే. ఏడో తరగతి పిల్ల 'అమ్మ' అని టైపు చేయడానికి ఆ చిప్పుతో పనేముంది? 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి కూడా మామూలు సపోర్టు అయిపోయింది. ఆ రోజుతో ఎన్ని బళ్లలో ఎన్ని మిషన్లు స్టోరు రూముకి చేరాయో లెక్క గట్టినవాళ్లుంటే బాగుండు.

మా అయ్య ఇప్పుడు పని చేయలేడు గానీ నోరు మాత్రం బాగా చేస్తది. సంగతి చెబితే, 'తోలు గట్టిగుందా అబ్బయ్యా? గట్టిగుంటే అట్ట మార్చి కుట్టుకోవడమే. అట్ట అరిగిందని జోడు పారేసేది డబ్బు బలిసినోడు' అన్నాడు. ఆరె, రంపె పట్టిన చేతుల మాట. ఇంజనీర్లు పుస్తకాల్లో చదివేది అదే.

ఆదివారాలు బడి తెరిచి, పదో తరగతి పిల్లలు నలుగురితో మొదలుపెట్టాను. ర్యామ్ పట్టీలు తీసి వాటి బంగారు రంగు అంచుని పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్దితే మూడు మిషన్లు లేచి కూర్చున్నాయి. కొన్నిటికి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. అది అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోద్ది. తేదీ తప్పయితే ప్రతి సైటూ 'ఇది సురక్షితం కాదు' అని తలుపేసేస్తది. దానికే 'నెట్టు పాడైంది' అని రిజిస్టర్లో రాశారు! చిన్న బ్యాటరీతో పోయే రోగం. పాత హార్డ్ డిస్కులు పీకి ఎస్‌ఎస్‌డీలు వేశాం. ఒక్కోటి 1,500 రూపాయల్లోపే పడింది. నేనూ ఇద్దరు టీచర్లూ వేసుకున్నాం. ఐదు నిమిషాలకి లేచే మిషను అర నిమిషంలో లేచింది. చివరికి ఒక ఐ3, ఒక కోర్ టూ డ్యూయో మాత్రం లేవలేదు. చచ్చిన ఐ3 ర్యామ్ ఇంకోదానికి పెట్టి 8 జీబీ చేశాం.

ఇక లోపలి సంగతి. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో పెన్ డ్రైవ్ తయారు చేస్తే విండోస్ 11 ఎక్కించేటప్పుడు ఆ చిప్పు పరీక్ష, సెక్యూర్ బూట్ పరీక్ష తప్పించొచ్చు. రెండు ఐ3 మిషన్ల మీద అట్టాగే ఎక్కించాం. నడుస్తున్నాయి. కానీ ఇలాంటి మిషన్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని కంపెనీయే చెప్పింది. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌ని మళ్లీ మనమే చేత్తో ఎక్కించుకోవాలి. కోర్ టూ డ్యూయోలకి ఆ దారి కూడా లేదు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచీ ప్రాసెసరులో పాప్‌కౌంట్ లాంటి కొన్ని ఆదేశాలు తప్పనిసరి. అవి ఆ తరం ప్రాసెసర్లలో పుట్టుకతోనే లేవు. ఏ కిటుకు చేసినా లేవదు.

మిగతావాటికి లైనక్స్. ఐదు ఐ3లకి లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, మూడు పాతవాటికి లుబుంటు. ఎక్కించక ముందే పెన్ డ్రైవ్ మీద నుంచే నడిపి చూసుకోవచ్చు, నచ్చకపోతే తీసేయొచ్చు. మింట్ 22కి 2029 దాకా భద్రతా అప్‌డేట్లున్నాయి. లైసెన్సు డబ్బు లేదు. జియోజీబ్రాలో నా జ్యామితి పాఠం చెబుతున్నా. కివిక్స్‌తో తెలుగు వికీపీడియా మొత్తం నెట్టు లేకుండానే చదువుతున్నారు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద పిల్లలు యూనికోడ్ తెలుగు కొడుతున్నారు. (మన సంఘాల కరపత్రాలు చాలా వరకు ఇంకా అను ఫాంట్లలోనే ఉన్నాయి, వేరే మిషన్లో తెరిస్తే పిచ్చి గీతలు. వాటినెవరైనా యూనికోడ్‌లోకి మారుస్తే మన చరిత్ర కొంతైనా మిగులుద్ది.)

ఈ పని మీద నాతో గట్టిగా పోట్లాడింది బయటోళ్లు కాదు, మనోళ్లే. సంఘంలో ఎప్పటి నుంచో తిరుగుతున్న ఒక అన్న బడికొచ్చి చూసి, 'ఏంది తమ్ముడూ ఇది? వాళ్ల పాతబట్టలు కట్టాం, వాళ్ల సద్దన్నం తిన్నాం, ఇప్పుడు వాళ్లు పారేసిన కంప్యూటర్లు కూడా మన పిల్లలకేనా? నువ్వు ఇట్టా అతుకులేస్తుంటే సర్కారు కొత్తవి ఎందుకిస్తది?' అన్నాడు. ఆ మాట నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనీలేదు. అందులో నిజముంది. అతుకేసిన చెప్పుని చూపించి 'వీళ్లకిది చాల్లే' అనడం వాళ్లకి అలవాటే.

కానీ నేను ఒప్పుకోలేదు. ఇవి ఎవరో పారేసినవి కావు, మా బడి పేరున మా పిల్లల కోసం కొన్నవి. మా సొత్తుని పనికిరాదని రాసింది వాళ్లు. పైగా అర్జీకి బదులొచ్చే లోపు ఒక పదో తరగతి బడి దాటిపోద్ది. నేను కిటికీ దగ్గర పోగొట్టుకున్న ఏళ్లు ఎవడూ తిరిగివ్వలేదు.

లైనక్స్ పేదోళ్ల సరుకు అనేవాళ్లకి కేరళ చూపిస్తాను. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ మొదలైంది, 2017లో అది కైట్ సంస్థ అయింది. సర్కారు బళ్లలో పిల్లలు లైనక్స్ మీదే నేర్చుకుంటున్నారు, పదో తరగతి ప్రాక్టికల్ పరీక్ష రాస్తున్నారు. అయితే మా ఇంగ్లీషు టీచరమ్మ అన్న మాట కూడా తీసేయలేను: 'ఉద్యోగమిచ్చేవాడు వర్డు, ఎక్సెల్ వచ్చా అని అడుగుతాడు మాస్టారూ.' లిబ్రే ఆఫీసులో ఆ ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ పట్టికలు అప్పుడప్పుడూ పక్కకి జరుగుతాయి. అందుకే ఆ రెండు విండోస్ మిషన్లు వంతులేసి పదో తరగతికి ఉంచాం.

గదికి తివాచీ లేదు. తాళం చెవి తొమ్మిదో తరగతి ఆడపిల్లలిద్దరి దగ్గరుంటది, ఒకమ్మాయి మాదిగపల్లె, ఒకమ్మాయి యానాది సంఘం. కొత్త కంప్యూటర్ల కోసం ఆ అన్నే ముందుండి అర్జీ పెట్టించాడు, ఊరి తల్లిదండ్రుల సంతకాలు తీశాడు. అందులో 'ఉన్న పది మిషన్లు పని చేస్తున్నాయి' అనే వాక్యం ఉంచాలా తీసేయాలా అని మా ఇద్దరికీ గంటసేపు వాదన జరిగింది. ఉంచాం. అర్జీకి ఇంకా బదులు రాలేదు.