దగ్గర్లో ఒక పేరు

బోస్టన్‌కి పడమరగా 20 మైళ్ల దూరంలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరుంది. మేముండేది దాని పక్కనే. 1948లో ఆ ఊరివాళ్లు 5,209 మందితో గుండెజబ్బుల పరిశోధన మొదలైంది. రక్తపోటు, కొలెస్టరాల్, సిగరెట్లు గుండెకు చేసే చేటు గురించి డాక్టర్లు ఈనాడు చెప్పే మాటల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. 1971 నుంచి వాళ్ల పిల్లల్నీ ఇందులో చేర్చుకున్నారు.

పరీక్షలకు వచ్చినవాళ్లు మళ్లీ తప్పిపోకుండా అక్కడి సిబ్బంది ఒక పని చేసేవారు. మీరు దొరక్కపోతే ఎవర్ని అడగాలి అని బంధువుల పేర్లు, దగ్గరి స్నేహితుడి పేరు రాసిపెట్టుకునేవారు. ఎన్నో ఏళ్ల తర్వాత నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ కాగితాల ఆధారంగా ఎవరికి ఎవరు కావలసినవాళ్లో గీసి చూశారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. మైలు దూరంలోపు ఉండే స్నేహితుడు సంతోషంగా మారితే మనమూ సంతోషంగా ఉండే అవకాశం 25 శాతం పెరుగుతుందని, పక్కింటివాళ్లయితే 34 శాతమని తేల్చారు. ఆఫీసులో కలిసి పనిచేసేవాళ్ల ప్రభావం మాత్రం కనిపించలేదట. ఈ లెక్కల మీద తర్వాత నిపుణుల మధ్య వాదాలు నడిచాయి. వాటి సంగతి ఎలా ఉన్నా, ఆ కాగితాల గురించి చదివినప్పుడు నాకు మా అమ్మాయి బడి ఫారం గుర్తొచ్చింది.

ఇక్కడి బళ్లలో ఇచ్చే ఫారంలో ఒక గడి ఉంటుంది. తల్లిదండ్రులు ఫోన్‌కి అందకపోతే పిల్లని ఎవరికి అప్పగించాలి? దగ్గర్లో ఉండే మనిషి పేరు రాయాలి. వచ్చిన కొత్తలో నేనూ మా ఆవిడా ఆ గడి దగ్గర ఆగిపోయాం. విజయవాడలో అయితే బాబాయి, మేనత్త, ఎదురింటి మాస్టారు, కింద వాటా అక్కయ్యగారు... రాయడానికి చోటు చాలదు. ఇక్కడ ఒక్క పేరూ తట్టలేదు. చివరికి మా ఆఫీసులో ఒకాయన్ని అడిగి ఆయన పేరు రాశాం. ఆయన ఉండేది గంట దూరంలో.

2015 చలికాలంలో బోస్టన్‌లో 110.6 అంగుళాల మంచు కురిసింది. అంటే తొమ్మిది అడుగుల పైనే. ఒకరోజు పొద్దున్న లేచేసరికి పక్కింటి పెద్దాయన తన యంత్రంతో మా వాకిట్లో మంచు కూడా తీసేస్తున్నారు. అప్పటిదాకా చెయ్యి ఊపుకోవడమే మా పరిచయం. మా ఆవిడ వేడివేడిగా మిరపకాయ బజ్జీలు, అల్లం టీ పట్టుకెళ్లింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే అన్నీ తిన్నారాయన.

ఆ ఏడు ఫారం వచ్చినప్పుడు మొహమాటపడుతూనే అడిగాను, మీ పేరు రాసుకోవచ్చా అని. ఆయన ముఖం వెలిగిపోయింది. "పిల్లలు కాలిఫోర్నియాలో ఉంటారు. ఈమధ్య నన్నెవరూ ఏ సాయమూ అడగటం లేదు" అన్నారు. ఇబ్బంది పెడుతున్నామేమో అని మనం వెనకాడతాం. మన నోటి నుంచి ఆ మాట ఎప్పుడొస్తుందా అని అవతల ఒక మనిషి ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఈ దేశంలో ఇన్నేళ్లలో నేను తెలుసుకున్న వాటన్నిటిలో నాకు విలువైనది ఇదే.

ఒక మధ్యాహ్నం మా అమ్మాయికి బళ్లో జ్వరం వచ్చింది. మేమిద్దరం హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఆయనే వెళ్లి తీసుకొచ్చారు. సాయంత్రం మేం వెళ్లేసరికి సోఫాలో దుప్పటి కప్పుకుని, టీవీలో బేస్‌బాల్ ఆట చూస్తూ ఆయన పక్కన స్కోరు రాస్తోంది. ఎలా రాయాలో ఆయనే నేర్పారు. ఇప్పుడది కాలేజీలో ఉంది, ఇప్పటికీ ఆట చూస్తే కాగితం మీద స్కోరు రాసుకుంటుంది.

మా అమ్మ వచ్చినప్పుడు ఇంకో స్నేహం కుదిరింది. పొద్దున్నే మనవరాలితో స్కూలు బస్సు దగ్గరికి వెళ్లే అమ్మకి అక్కడ ఒక చైనా బామ్మగారు తారసపడ్డారు. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు చైనా భాష రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా బస్సు వెళ్లాక కలిసే నడిచేవారు, పెరటి మొక్కలు చూపించుకునేవారు. అమ్మ గోంగూర నారు ఇచ్చింది, ఆవిడ వాళ్ల ఉల్లాకు మొక్కలిచ్చారు. తర్వాత ఇద్దరూ ఎవరి దేశానికి వాళ్లు వెళ్లిపోయారు. ఆ ఉల్లాకు మా పెరట్లో ప్రతి వసంతంలోనూ చిగురిస్తుంది. ఫోన్లో కూరల సంగతి వచ్చినప్పుడల్లా అమ్మ ఆవిడ గురించి అడుగుతుంది.

ఉగాది సంబరాలకూ ఆష్‌ల్యాండ్ లక్ష్మీదేవి గుడికీ నేను ఇష్టంగా వెళ్తాను. వందలమంది మనవాళ్లను చూస్తే కడుపు నిండుతుంది. కానీ మామూలు మంగళవారం నాడు పిల్లకు జ్వరం వస్తే ఆదుకునేది నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మనిషే. ఆ మనిషి తెలుగువాడే కానక్కర్లేదు.

మీ వీధిలో ఎవరైనా కొత్తగా దిగితే ఆ వారమే వెళ్లి తలుపు తట్టండి. మనవాళ్లయితే గిన్నెడు పెరుగు తీసుకెళ్లండి, తోడుకైనా పనికొస్తుంది. మీ నంబరు ఇచ్చి, ఏ వేళయినా ఫోన్ చేయమని చెప్పండి. కొత్తగా వచ్చినవాళ్లు తమంతట తాము అడగలేరు. మీరే ముందు వెళ్లండి.